ముప్పై ఏడో నంబరు సీసా

బోధన్,
నవంబరు 4, 2001.

చి. సునందకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందులో నువ్వు ‘వీలైతే’ అని అడిగిన పని మొదలైంది, సగం దాటింది కూడా. దీని గురించి ఫోను చేయకు. ఫోను మీ మామయ్య దుకాణంలో ఉంది. పప్పు కొనడానికి వచ్చినవాళ్ల ముందు మాట్లాడే సంగతులు కావివి. ఉత్తరం రాయి, జవాబు రాస్తాను.

దసరాకు వచ్చి నువ్వు నీ పరిశోధన గురించి, క్లమీడియా అనే క్రిమి గురించి చెప్పినప్పుడు మీ అమ్మ చెవులు మూసుకుంది. “పెండ్లి గావాల్సిన పిల్లవు, గివేం మాటలే?” అంది. నేను మూసుకోలేదు. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల బడి నడిపిన దాన్ని. నా దగ్గర చదివినవాళ్లలో పెళ్లయి పదేళ్లయినా కడుపు పండక అత్తల చేత మాటలు పడ్డవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ఆ క్రిమి కాపురంలో ఒకరి నుంచి ఒకరికి అంటుతుందనీ, ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి గర్భం నిలిచే దారి మూసేస్తుందనీ, వారం రోజుల గోలీలతో పోతుందనీ నువ్వు చెబితే నాకు సిగ్గు కాదు, కోపం వచ్చింది. ఇన్నాళ్లు మాకీ మాట ఎవరూ ఎందుకు చెప్పలేదు?

ఇక పని సంగతి. మన ఇంటి పక్కనే బీడీల కార్ఖానా ఉంది కదా. రోజూ పొద్దున్నే ఆడవాళ్లు చేసిన బీడీలు గంపల్లో తెచ్చి లెక్క అప్పజెప్పి, మళ్లీ ఆకు, జర్దా పట్టుకుపోతారు. నువ్వు పంపిన సీసాలు ముందు రోజు ఇస్తున్నాను. మరునాడు గంపలో బీడీ కట్టల కింద, తడిబట్ట చుట్టి, సీసా వస్తుంది. కార్ఖానాకు పోయే ముందు మన వెనక గుమ్మంలో ఆగుతారు. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన హుసేన్ బీ వాటిని తీసి మంచుడబ్బాలో పెడుతుంది. చూసినవాళ్లకు బీడీల గంప తప్ప ఇంకేమీ కనబడదు. ఈ ఉపాయం నాదే.

ఒప్పుకున్నవాళ్ల చేతనే సంతకం పెట్టించాను, రాయడం రానివాళ్ల చేత వేలిముద్ర. ఒక్క నియమం పెట్టాను. ప్రతి బీడీ కార్మికురాలికీ కార్ఖానా ఇచ్చిన కార్డు ఉంటుంది, దాని మీద పేరు, నంబరు ఉంటాయి. ఆ కార్డు చూపించనిదే సీసా లేదు. నోటి మాటలో తప్పు వస్తుంది, కార్డులో రాదు. ఒక కార్డు, ఒక సీసా. పేర్లున్న పుస్తకం నా పెట్టెలో ఉంటుంది, నీకు నంబర్లే వస్తాయి. మొత్తం నూట పన్నెండు.

హెడ్‌మిస్ట్రెస్ గోదావరీ బాయి డెబ్బై ఒకటో ఏట మూత్రం సీసాలకు చీటీలు అంటిస్తోందని ఊళ్లో తెలిస్తే నవ్వుతారు. నవ్వనీ.

హైదరాబాదులో చలి మొదలై ఉంటుంది. స్వెట్టరు పెట్టెలో దాచుకోవడానికి అల్లలేదు.

అమ్మమ్మ


హైదరాబాదు,
డిసెంబరు 9, 2001.

ప్రియమైన అమ్మమ్మకు,

స్వెట్టరు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నూట పన్నెండు సీసాల్లో పదకొండింటిలో క్రిమి కనబడింది. నంబర్లు విడిగా మన ఊరి డాక్టర్ మాసూమా గారికి రాశాను. ఆవిడే నీ పుస్తకంలో పేర్లు చూసి ఒక్కొక్కరినీ పిలిచి గోలీలు ఇస్తారు. భర్త ఊళ్లో ఉంటే ఆయన కూడా వేసుకోవాలి. మందు అయిపోయాక నాలుగు వారాలాగి ఈ పదకొండుమంది దగ్గర మళ్లీ సీసాలు తీసుకోవాలి. క్రిమి పోయిందో లేదో అప్పుడు తెలుస్తుంది.

‘క్రిమి ఉందని తెలిశాక మళ్లీ రకాలు చూడటం దేనికి?’ అని అడిగావు. చెరుకంతా చెరుకే కదా, కానీ మన కాశయ్య తాత గడ కణుపు చూసి ఇది ఫలానా నంబరు రకం అని చెప్పేస్తాడు. మేమూ అంతే. క్రిమి జన్యువులో ఒక చిన్న ముక్కను పెంచి చూసి ‘డి’ రకమా, ‘ఇ’ రకమా, ‘ఎఫ్’ రకమా అని చెబుతాం. మందు వేసుకున్నాక కూడా క్రిమి కనబడితే, అది పాతదే మిగిలిందా, కొత్తది వచ్చిందా అన్నది రకాన్ని బట్టి తెలుస్తుంది. ఈ పదకొండులో ఆరు ‘ఇ’, అయిదు ‘డి’. నీ బోధన్ క్రిములకు ఈ దేశంలో ఇంతవరకూ ఎవరూ ఇలా పేర్లు పెట్టి ఉండరని మా సారు అంటున్నారు.

నువ్వు పంపిన పట్టిక చూసి ఆయన, “ఎవరమ్మా ఈ మనిషి? మా ఎమ్మెస్సీ పిల్లలకు కూడా ఇంత శుభ్రంగా రాయడం రాదు” అన్నారు. మా అమ్మమ్మ అన్నాను. ప్రయోగశాలలో ఆ మాట మూడుసార్లు చెప్పుకున్నాను.

నీ
సునంద


బోధన్,
జనవరి 27, 2002.

చి. సునందకు,

ఆశీస్సులు. పదకొండు సీసాలూ మళ్లీ వచ్చాయి, బుధవారం పొద్దుటి బస్సులో పంపాను. పదకొండుకు పదకొండు. మీ సారుకు చెప్పు.

ఇన్ని రోజులు పట్టినందుకు ఏమీ అనుకోకు. చెరుకు బండ్లు రోడ్డు నిండా నిలబడి హుసేన్ బీ మంచు తేవడానికి పోయిన రోజల్లా ఆలస్యమైంది. ఊరంతా బెల్లపు పాకం వాసన. మీ అమ్మ ఆర్మూరు సంబంధం ఒకటి చూసిందట. ‘అమ్మాయి ఏం చేస్తుంది?’ అని వాళ్లడిగితే ‘కాలేజీలో ఉంటది’ అందట. నేను పక్కనే ఉండి మొత్తం చెప్పాను. వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు. నీకు నష్టమేమీ లేదు. నీ పని పేరు విని లేచిపోయే ఇల్లు, నీ పని చూసి ఓర్చుకునే ఇల్లు కాదు.

ముప్పై ఏడో నంబరు గురించి ఒక మాట. నంబరు మాత్రమే రాయాలని నాకూ తెలుసు, కానీ ఆమె పేరు లింగవ్వ. నా దగ్గర ఏడో తరగతి దాకా చదివింది. లెక్కల్లో దిట్ట. భర్త మస్కట్ పోయి పద్నాలుగు నెలలు. గోలీలన్నీ హుసేన్ బీ కళ్ల ముందే, ఒక్క పూట తప్పకుండా మింగింది. మిగతావాళ్లు “మర్సిపోయినం పంతులమ్మా” అని తల గోక్కుంటుంటే ఈమె ఖాళీ అట్ట తెచ్చి నా ముందు పెట్టింది. అలాంటివాళ్లు నా బడిలో చదివారని నీకు చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

అమ్మమ్మ


హైదరాబాదు,
ఫిబ్రవరి 12, 2002.

అమ్మమ్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చించి రాశాను. నువ్వు కోపం తెచ్చుకోకుండా చదవాలి.

పదిమందికి పూర్తిగా పోయింది. ఒక్క ముప్పై ఏడో నంబరులో మళ్లీ క్రిమి కనబడింది. మొదటి సీసాలో ‘ఇ’ రకం. ఇప్పుడు ‘ఎఫ్’ రకం. మూడుసార్లు చేసి చూశాను.

మా సారు, సీసాలు తారుమారయ్యాయంటున్నారు. ఒక్కటి మారిందంటే మిగతావి మారలేదన్న నమ్మకమేమిటి, నా పరిశోధనలో బోధన్ భాగం మొత్తం తీసేసి, నిజామాబాదు ఆసుపత్రిలో తీసుకున్న సీసాలు మాత్రమే ఉంచుదాం అన్నారు. నూట పన్నెండుమందీ పోతారు అమ్మమ్మా. వాళ్ల కోసమే నేనీ పని ఎంచుకున్నాను. ఆసుపత్రి దాకా వచ్చే ఆడవాళ్లను లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు.

మార్చి పదిహేను దాకా గడువు అడిగాను. దయచేసి చీటీలు ఒకసారి సరిచూస్తావా? నీ మీద అనుమానంతో అడగడం లేదు.

సునంద


బోధన్,
ఫిబ్రవరి 17, 2002.

చి. సునందకు,

అనుమానం లేనివాళ్లు అనుమానం లేదని రాయరు.

చీటీలు చూశాను. నూట పన్నెండూ చూశాను. సీసా ఇచ్చిన తేదీ, వచ్చిన తేదీ, గంట, కార్డు నంబరు, హుసేన్ బీ వేలిముద్ర, నా సంతకం అన్నీ ఉన్నాయి. ముప్పై ఏడో సీసా జనవరి ఇరవై రెండున ఉదయం ఏడుంపావుకు లింగవ్వ గంపలో వచ్చింది. నేనే చీటీ అంటించాను. ఆ రోజు ఇంకో సీసా రానే లేదు. దేనితో తారుమారవుతుంది? మీ ప్రయోగశాలలో గాజు సామాను ఎవరు కడుగుతారో ముందు అది చూసుకోండి.

సీసా మారలేదు. మందు వేసుకున్నది నిజం. రకం కొత్తది. నువ్వే రాశావు, రకం మారితే కొత్తగా అంటినట్టని. భర్త మస్కట్లో ఉన్నాడు. ఇక మిగిలింది ఒకటే. ఆ మాట అడగడం నాకు ఇష్టమా? అయినా నీ పని నిలబడాలని నిన్న లింగవ్వను పిలిచి, మన అరుగు మీద కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అడిగాను. “నీ ఇంటికి ఎవరైనా వస్తున్నారా? నాకు చెప్పు, నా పుస్తకం దాటదు” అన్నాను.

ఆమె గంప ఎత్తుకుని లేచింది. “పంతులమ్మా, మీ బడిల బెత్తం దెబ్బలు గూడ తిన్న. గప్పుడు గింత నొయ్యలె” అని వెళ్లిపోయింది.

కాదని మాత్రం అనలేదు. మీ సారుకు రాయి, బోధన్ సీసాల్లో తప్పు లేదని. తప్పు వేరే చోట ఉంది.

గోదావరీ బాయి


హైదరాబాదు,
ఫిబ్రవరి 22, 2002.

అమ్మమ్మా,

ఎంత పని చేశావు!

రకం మారితే కొత్తగా అంటినట్టని నేనే రాశాను, నిజమే. ఒప్పుకుంటాను. కానీ రకం అన్నది క్రిమికి పేరు, మనిషికి పేరు కాదు. ఎవరి నడతనూ తూచే తక్కెడ నా దగ్గర లేదు. ఉన్నా నీకు పంపేదాన్ని కాదు. ఆమె కాదనలేదంటున్నావు. అలాంటి ప్రశ్నకు కాదని జవాబు చెప్పడం కూడా అవమానమే కదా అమ్మమ్మా.

గాజు సామాను నేనే కడుగుతాను. మళ్లీ కడిగాను, మళ్లీ చేశాను. ‘ఎఫ్’ రకమే.

కోపంలో రాత్రంతా పట్టిక ముందు కూర్చున్నాను. అప్పుడొక సంగతి కనబడింది. బోధన్ సీసాల్లో ఇంకెక్కడా ‘ఎఫ్’ లేదు. ఒక్కదానిలో కూడా. అంటే ముప్పై ఏడో సీసా నీ దగ్గరున్న ఏ సీసాతోనూ తారుమారు కాలేదు, కాలేదంటే కాలేదు. ఇది మా సారుకు చూపించాను, ఆయన కూడా ఒప్పుకున్నారు. నీ చీటీ తప్పు కాదు. నన్ను క్షమించు.

కానీ ఇంకోటి కూడా ఆలోచించు. లింగవ్వ మందంతా మింగింది, భర్త ఊళ్లో లేడు. ఆమె నువ్వనుకునే మనిషి కాకపోతే, ఆ సీసా ఆమెది కానే కాదు. నీ పుస్తకంలో పేరే లేని ఎవరిదో అది. ఆమె ఎవరో గానీ, ఆమెకు మందు అందలేదు. నా పట్టిక సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆమెను వెతుకు.

లింగవ్వ ఇంటికి నువ్వే వెళ్లు. పిలిపించకు.

సునంద


బోధన్,
మార్చి 3, 2002.

చి. సునందకు,

వెళ్లాను.

లింగవ్వ ఇల్లు రైలు కట్ట అవతల ఉంది. ఒకే గదిలో ఇద్దరు తోడికోడళ్లు చెరో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నన్ను చూసి చిన్నావిడ లేచి పీట వేసింది. లింగవ్వ లేవలేదు. తల ఎత్తకుండానే, “ఇంక ఏమన్న అడుగుడు మిగిలిందా?” అంది.

“ఒకటే మిగిలింది. ఆ రెండో సీసా నీదేనా?” అన్నాను.

లింగవ్వ చేతులు ఆగిపోయాయి. చిన్నావిడ మొహం దించుకుంది. అప్పుడు చూశాను, ఆమెకు అయిదో నెల.

“నాది గాదు” అంది లింగవ్వ. “గంగమణిది. మా ఏరాలిది.”

“నీ కార్డు మీద ఆమెది ఎందుకు తెచ్చావు?”

“ఆమెకు కార్డు లేదు గనుక. పెండ్లయినకాడికెళ్లి తిరుగుతుంది, కార్ఖానల కొత్త కార్డులిస్తలేరు. ఇద్దరం చేసిన బీడీలు నా ఒక్కదాని కార్డు మీదనే పోతయ్. నాకు గోలీలతోని పాణం మంచిగైంది. గామెకేమో మూడ్నెల్లకెళ్లి మంట, పొత్తికడుపుల నొప్పి. ఇదివరకు రెండు కడుపులు పోయినయ్. కార్డు లేనోళ్లు నా గుమ్మం తొక్కద్దని మీరే అంటిరి. సరే, నాకు మంచిగైంది గద, నా వంతు సీస ఆమెకిస్త అనుకున్న. ఆకు పంచుకుంటం, కార్డు పంచుకుంటం, పిల్లల పంచుకుని సాదుతం. సీస పంచుకుంటే గింత మాట అంటరా?”

“ఆ రోజు అరుగు మీదే చెప్పొచ్చు కదా లింగవ్వా.”

“మీరు అడిగింది సీస ముచ్చట గాదు గద, పంతులమ్మా.”

సునందా, నోటి మాటలో తప్పు వస్తుంది, కార్డులో రాదు అని నీకు గొప్పగా రాశాను. ఈ ఊళ్లో యాభై ఏళ్లుగా ఉంటున్నాను. రోజూ నా కళ్ల ముందే ఆ గంపలు పోతున్నాయి. ఒక మనిషి రోజుకు ఎన్ని బీడీలు చుట్టగలదో నాకు తెలుసు, కొన్ని గంపల్లో దానికి రెట్టింపు ఉంటాయనీ తెలుసు. అయినా ఒక కార్డు అంటే ఒక మనిషి అనే రాసుకున్నాను.

గంగమణిని అప్పుడే రిక్షాలో డాక్టర్ మాసూమా దగ్గరికి తీసుకుపోయాను. గర్భిణులు వేసుకోదగ్గ మందు వేరే ఉందని డాక్టరమ్మ అదే ఇచ్చింది. క్రిమి ఇప్పుడు పోకపోతే కాన్పులో బిడ్డ కళ్లకు అంటుతుందనీ, పోతే భయం లేదనీ చెప్పింది. గంగమణి మగడు లారీ తోలుతాడు. “నాకేమైంది, నేనెందుకు మింగాలె?” అని అడ్డం తిరిగాడు. డాక్టరమ్మ, “నీకేం కాలేదు గాబట్టే మింగాలె. నీకయినంక నేనెందుకు చెప్త, నా తానికి నువ్వే ఉరుక్కుంట వస్తవు” అంది. మింగాడు. హుసేన్ బీ నాలుక కింద కూడా చూసింది.

ఇక లింగవ్వ. ఆమె రెండో సీసా ఆమెది కాదు కాబట్టి ఆమెకు నిజంగా పోయిందో లేదో మనకు తెలియదు. మళ్లీ ఒక సీసా ఇమ్మన్నాను. “ఇయ్య” అంది. “ఇస్తే అండ్ల ఏమొస్తదో, మళ్ల ఏమంటరో” అంది. నేను బతిమాలడం నేర్చుకోలేదు. అయినా బతిమాలాను. ఇవ్వలేదు.

వారం రోజులుగా నూట పన్నెండు ఇళ్లకూ తిరిగాను. ఆ కార్డుల కింద బీడీలు చుడుతున్న ఆడవాళ్లు నూట తొంభై ఏడుమంది. రెండోసారి వచ్చిన మిగతా పది సీసాలు వాళ్లవేనని ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నాను. మీ సారుకు ఒక ఉత్తరం దీనితో జతచేశాను. అందులో తప్పు ఎవరిదో దాచలేదు.

అమ్మమ్మ


హైదరాబాదు,
ఏప్రిల్ 14, 2002.

అమ్మమ్మకు,

నీ ఉత్తరం మా సారు వారాంతపు సమావేశంలో పైకి చదివారు. ‘నియమం నాది, కాబట్టి తప్పు నాది. కార్డులను లెక్కపెట్టి మనుషులను లెక్కపెట్టానని అనుకున్నాను’ అన్న చోట ఆయన ఆగారు. తర్వాత ఆయన, “తప్పు ఎక్కడ జరిగిందో ఇంత కచ్చితంగా రాసిన చోట మిగతాది నమ్మొచ్చు. బోధన్ ఉంటుంది” అన్నారు.

అంతే కాదు. కార్డు లేని ఎనభై అయిదుమంది దగ్గరా సీసాలు తీసుకోవడానికి అనుమతి వచ్చింది. ఈసారి కార్డు అడగొద్దు.

నూట పదమూడో నంబరు గంగమణికి ఇచ్చాను కదా. మందు తర్వాత వచ్చిన ఆమె సీసాలో క్రిమి లేదు. ఉత్తరం రాకముందే ఈ మాట ఆమెకు చేరాలని డాక్టర్ గారికి ఫోను చేసి చెప్పాను. మామయ్య దుకాణానికి మాత్రం చేయలేదు.

ముప్పై ఏడు దగ్గర పట్టికలో ‘తెలియదు’ అని రాశాను. ఇవ్వకపోవడం ఆమె ఇష్టం. ఆమె గంగమణికి తన వంతు ఇవ్వకపోతే నేను ఆ ఎనభై అయిదుమందినీ ఎప్పటికీ చూసేదాన్ని కాదు. ఆమెతో ఆ మాట చెప్పు.

ఆర్మూరు వాళ్ల తర్వాత ఇంకెవరైనా చాయ్ తాగడానికి వచ్చారా?

నీ
సునంద


బోధన్,
మే 19, 2002.

చి. సునందకు,

ఆశీస్సులు. ఇంకా రెండు సంబంధాలవాళ్లు వచ్చారు. రెండోవాళ్లు రెండు కప్పులు తాగి, క్రిమి గురించి నాలుగు ప్రశ్నలు అడిగారు. అబ్బాయి తల్లి ప్రశ్నలు మరీ ఎక్కువ అడిగింది. మీ అమ్మ భయపడింది, నాకు నచ్చింది.

నువ్వు చెప్పమన్న మాట లింగవ్వకు చెప్పాను. ఆమె గంప సర్దుకుని వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత ఒక పొద్దున గంపలో కాకుండా, బట్ట చుట్టకుండా, సీసా చేత్తో పట్టుకుని ముందు గుమ్మంలోంచి వచ్చింది. హుసేన్ బీ చేయి చాపితే ఇవ్వలేదు. నా చేతిలో పెట్టి, “గిది నాదే. ఎవల్దీ గాదు. రాస్కోన్రి” అంది. రాసుకున్నాను.

దాని ఫలితం చెబుతూ నువ్వు రాసిన చిన్న ఉత్తరం మొన్న వచ్చింది. క్రిమి లేదు. నిన్న ఆమె బీడీలు అప్పజెప్పి వస్తుంటే పిలిచి చెప్పాను.

“నాకు ఎర్కే గద” అంది. “నాకెందుకు చెప్తున్నరు? నన్ను అడగరాని మాట ఏడ కూసుండవెట్టి అడిగిన్రో, గాడ నిలవడి చెప్పున్రి.”

కార్ఖానా ముందు అప్పుడు పాతికమంది దాకా ఉన్నారు. సగంమంది నా దగ్గర చదివినవాళ్లే. నేను అరుగు ఎక్కి నిలబడ్డాను. జబ్బు సంగతి, సీసా సంగతి ఏదీ ఎత్తలేదు. “లింగవ్వను నేను ఇక్కడ కూర్చోబెట్టి అడగకూడని మాట అడిగాను. అది తప్పు. ఆమె నాకన్నా పెద్ద మనసున్న మనిషి” అన్నాను.

లింగవ్వ గంప చంకన పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి వింది. “ముసలామె గొంతు ఎనకోళ్లకు ఇనవడ్తలేదు. జెర గట్టిగ!” అంది. అందరూ నవ్వారు, గంగమణి కూడా.

ముప్పై నాలుగేళ్లు ప్రార్థన వేళ మూడువందలమందికి వినబడేలా మాట్లాడిన గొంతు ఇది. రెండోసారి గట్టిగానే చెప్పాను.

అమ్మమ్మ